తరిమెన మీద పుట్టిన బడి

ఆత్మకూరులో హుసేన్ వలి అని అడిగితే నలుగురైదుగురిని చూపించేవారు. మంచం కోళ్ల హుసేన్ వలి అంటే మాత్రం, సంతకు తేనె తెచ్చే చెంచువాళ్లు కూడా నేరుగా ఇంటి ముందుకు తీసుకొచ్చి వదిలేవారు. మంచాలకు కోళ్లు, ఉయ్యాలలకు గుబ్బలు, మజ్జిగ చిలికే కవ్వాలు, పిల్లలు నడక నేర్చుకునే మూడు చక్రాల బండ్లు, తరిమెన మీద తిప్పి చేసే పని ఏదైనా చుట్టుపక్కల ఇరవై ఊళ్లకు అతనిదే. తరిమెన అంటే పెద్ద యంత్రమేమీ కాదు. రెండు గుంజల మధ్య కొయ్యను బిగించి, దానికి తాడు చుట్టి ఒకరు ముందుకూ వెనక్కూ లాగుతుంటే కొయ్య గిర్రున తిరుగుతుంది. రెండోవారు ఉలి ఆనించి దాన్ని నున్నగా దించుతారు. ఉలి హుసేన్ వలిది. తాడు అతని భార్య మాబూబీది.

అతను పుట్టింది పందొమ్మిది వందల ఒకటో సంవత్సరం ప్రాంతంలో. తండ్రి పీర్ బాషా దూదేకుల సాయిబు. విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకూ దిండ్లకూ దూది ఏకేవాడు. రాత్రిళ్లు దగ్గి దగ్గి అలిసిపోయే ఆ మనిషి, కొడుకైనా ఈ దుమ్ము మింగకూడదని ఏడో ఏట వాణ్ణి వీధిబడిలో వేశాడు. ఆ చదువు మూడు నెలలే సాగింది. పలక మీద అక్షరం వంకర పోయిందని అయ్యవారు ఒకరోజు కోదండం వేయించారు. కోదండమంటే దూలానికి కట్టిన తాడు పట్టుకుని, కాళ్లు నేలకు ఆనకుండా వేలాడటం. చేతులు జారి పడి మోకాలు చిట్లాక పిల్లవాడు మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

తొమ్మిదో ఏట నంద్యాలలో ఒక ఉస్తాదు దగ్గర తరిమెన పనికి పెట్టారు. ఆయన గొప్ప పనిమంతుడు. మాట తక్కువ, చెయ్యి ఎక్కువ. మంచం కోడును మెడ దగ్గర ఎందుకు సన్నంగా దించుతారని ఒక మధ్యాహ్నం హుసేన్ వలి అడిగాడు. జవాబు ఎడమ చెవి మీద పడింది. నాలుగు రోజులు నొప్పి, ఇరవై రోజులు చీము, ఆ తర్వాత ఆ పక్క నుంచి ఏ శబ్దమూ రాలేదు. అతను ఎవరితోనూ చెప్పుకోలేదు. పని బాగా వచ్చింది. ఆ దెబ్బల వల్లే వచ్చిందని ముప్పై ఏళ్లు నమ్మాడు.

మాబూబీకి మొదటి ముగ్గురు బిడ్డలూ పురిట్లోనే పోయారు. నాలుగో కాన్పులో, ముప్పై ఆరో సంవత్సరంలో, దౌలత్ బీ పుట్టి బతికింది. ఆ పిల్లను నేల మీద దించడానికి కూడా తల్లి భయపడేది. హుసేన్ వలికి కూతురంటే ప్రాణం. అయినా ఆ పిల్లకు నాలుగేళ్లప్పుడు ఒకసారి చెయ్యి చేసుకున్నాడు. అప్పుడే నునుపు తేల్చి పెట్టిన కోడు మీద ఆ పిల్ల ఉలితో గీతలు గీసింది. గట్టిగా కొట్టలేదు, ఒక్కటే దెబ్బ. కానీ ఆనాటి నుంచి దౌలత్ బీ తల్లికి అవతలి పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. అతను చెమట తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తినా కళ్లు గట్టిగా మూసుకునేది. పిల్లకు భయముండటం మంచిదేలే అని అతను అనుకున్నాడు. ఎన్నిసార్లు అనుకున్నా, ఆ మూసుకున్న కళ్లు చూసిన పూట మాత్రం అన్నం సరిగా దిగేది కాదు.

నలభై ఒకటో సంవత్సరం మాఘమాసంలో ఒక పొద్దున అతని ఇంటి ముందు గుర్రబ్బండి ఆగింది. అందులోంచి తెల్లచీర కట్టుకున్న ఒకామె ఒక చెక్కపెట్టెను ఒళ్లో బిడ్డను పెట్టుకున్నట్టు పట్టుకుని దిగింది. ఆమె పేరు రామసుబ్బమ్మ. పక్క ఊరి రైతు కుటుంబం. పద్నాలుగో ఏట భర్త పోతే, అన్న నారాయణ ఊరంతా కాదన్నా వినకుండా ఆమెను మద్రాసు పంపి చదివించాడు. కడపలో ఆడపిల్లల బడిలో పదేళ్లు పని చేసింది. తర్వాత ఇటలీ నుంచి వచ్చిన ఒక పెద్దామె మద్రాసులో కొత్తరకం చదువు గురించి తరగతులు నడుపుతోందని తెలిసి, సెలవు పెట్టి వెళ్లి అందులో చేరింది. మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు వాళ్ల చేతుల ద్వారానే చదువు వస్తుందనీ, పెద్దవాళ్లు చేయాల్సింది సరైన వస్తువులు అందించి అడ్డు తప్పుకోవడమేననీ అక్కడ నేర్చుకుంది. ఆ వస్తువులు అంతకు ముందు ఓడల్లో వచ్చేవి. ఇప్పుడు యుద్ధం. ఓడలు రావడం లేదు. మద్రాసులో చేయించుకోవాలన్నా కొత్తవాళ్ల వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. మన ఊళ్లో పనివాళ్లు లేరా అని ఆమె ఒక్క పెట్టెను అరువు తెచ్చుకుని వచ్చేసింది.

ఆ పెట్టెలో ఉన్నది మూరెడు పొడుగు కొయ్య దిమ్మ. దిమ్మలో వరసగా పది గుంతలు. ప్రతి గుంతలోనూ చిన్న గుబ్బ ఉన్న ఒక బిరడా. మొదటిది బొటనవేలంత సన్నం, చివరిది గుప్పెడంత లావు. మధ్యలోవి ఒకదాని కంటే ఒకటి కొద్దికొద్దిగా పెద్దవి.

హుసేన్ వలి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పని నచ్చింది, ప్రయోజనం అర్థం కాలేదు. "ఇది తూకం గుండ్ల పెట్టెనా అమ్మా?" అని అడిగాడు.

రామసుబ్బమ్మ నవ్వింది. ఏమీ చెప్పకుండా చాప మీద దౌలత్ బీ పక్కన కూర్చుంది. పది బిరడాలూ ఒక్కొక్కటిగా, గుబ్బను మూడు వేళ్లతో పట్టుకుని తీసి కింద పెట్టింది. మళ్లీ ఒక్కొక్కటిగా వాటి వాటి గుంతల్లో దించింది. తర్వాత దిమ్మను పిల్ల ముందుకు జరిపి లేచి వచ్చి, గుంజకు ఆనుకుని నిలబడింది.

దౌలత్ బీ మొదట తల్లి వైపు చూసింది. తర్వాత ఒక బిరడా తీసింది. అన్నీ తీసి కలిపేసి, మళ్లీ పెట్టడానికి కూర్చుంది. ఒకటి తప్పు గుంతలో పడితే చివర్లో ఒక లావు బిరడా మిగిలిపోయింది. పిల్ల దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు గుంతల్ని చూసింది. మాబూబీ చెప్పబోతే రామసుబ్బమ్మ కళ్లతోనే వద్దంది. పిల్ల తనంతట తానే తప్పు బిరడాను పట్టుకుంది, తీసింది, సరిచేసింది. వెంటనే మళ్లీ అన్నీ ఊడబెరికింది. అలా ఏడుసార్లు. తండ్రి ఉలి తీసుకోవడానికి ఆ పిల్ల తల మీదుగా చెయ్యి చాచినా కళ్లు మూసుకోలేదు. అతను అక్కడ ఉన్నాడన్న సంగతే ఆ పిల్లకు తెలియలేదు.

హుసేన్ వలి చాచిన చెయ్యి అలాగే పెట్టుకుని నిలబడిపోయాడు. తర్వాత ఆ చెయ్యి దించుకుని, "ఇట్లాంటివి ఎన్ని కావల్లమ్మా?" అన్నాడు.

మొదటి దిమ్మకు నెల పట్టింది. అంకుడు కొయ్య ఎంచి నీడన ఆరబెట్టాడు. ఎదురుగా పెట్టుకున్న బిరడాలు చూసి కంటి అంచనాతో దించాడు. మంచం కోళ్లలో నాలుగూ ఒకేలా ఉండాలి, అది అతని చేతికి అలవాటే. ఇక్కడ పది బిరడాలూ పది రకాలుగా, అయితే ఒకే లెక్కన వేరు కావాలి. నునుపు తేల్చి, కొబ్బరినూనె పూసి, గర్వంగా కూతురి ముందు పెట్టాడు.

దౌలత్ బీ రెండుసార్లు తీసి పెట్టింది. మూడోసారి ఆగిపోయింది. ఆరో బిరడాను ఏడో గుంతలో, ఏడోదాన్ని ఆరో గుంతలో పెట్టింది. రెండూ దిగాయి. మళ్లీ మార్చింది. మళ్లీ దిగాయి. ఆ రెండూ రెండు చేతుల్లో పట్టుకుని లేచి, తల్లి దగ్గరికి కాక నేరుగా తండ్రి దగ్గరికి వచ్చింది.

"నాయినా, ఇవి రెండూ ఒగటే" అంది.

దెబ్బ తిన్న రోజు తర్వాత ఆ పిల్ల తనంతట తాను అతని దగ్గరికి రావడం అదే మొదలు. హుసేన్ వలి బిరడాలు అందుకుని కొలిచి చూశాడు. నూలుపోగంత తేడా కూడా లేదు. పిల్ల చెప్పింది నిజం. మర్నాడు రామసుబ్బమ్మ వస్తే తల వంచుకునే ఆ సంగతి చెప్పాడు. పనిలో తప్పు చేసినప్పుడు ఏం వస్తుందో అతనికి తెలుసు. ఆ వయసులో కూడా వీపు దానంతటదే బిగుసుకుంది.

"మంచిదే కదా సాయిబూ" అందామె. "తప్పు కొయ్యే చెప్పింది. ఇంగ నేనెందుకు చెప్పల్ల?"

ఆమె ఆ మాట మామూలుగానే అంది. దిమ్మ చూసి, గుబ్బలు చేతికి బాగా అందుతున్నాయని మెచ్చుకుని వెళ్లిపోయింది. హుసేన్ వలి మాత్రం ఆ పూట తరిమెన ఎక్కలేదు. తన చెవి పోయిన మధ్యాహ్నం గురించి మాబూబీకి మొదటిసారి చెప్పాడు. పెళ్లైన ఇన్నేళ్లూ అది పుట్టుకతో వచ్చిందనుకుందామె. ఇప్పుడు అతని ఎడమ పక్క నుంచి లేచి కుడి పక్కకు వచ్చి కూర్చుంది.

నారాయణకు ఆత్మకూరులో ఒక పాత పత్తి కొట్టు ఉండేది. దానికి సున్నం కొట్టించి, గోడల వెంబడి మోకాలి ఎత్తు అరలు పెట్టించి, రామసుబ్బమ్మ అందులో బడి తెరిచింది. దాన్ని బడి అనకుండా పిల్లల ఇల్లు అంది. బెంచీలు లేవు, చాపలున్నాయి. బెత్తం లేదు. పిల్లల చేతికి అందే ఎత్తులో నీళ్ల కుండ, చిన్న చీపురు, చిన్న చేట ఉన్నాయి. మొదటి రోజు వచ్చింది నలుగురు. వాళ్లలో దౌలత్ బీ ఒకతి, ధాన్యం వర్తకం చేసే తిమ్మయ్య కొడుకు నరసింహ ఒకడు. రెండో నెలకు పదిమంది అయ్యారు.

ఊరికి ఆ ఇల్లు అర్థం కాలేదు. మామూలు బడి అంటే ఎక్కాల అరుపులు బజారు దాకా వినిపించాలి. ఇక్కడ చీమ చిటుక్కుమనదు. తిమ్మయ్య ఒకరోజు కిటికీలోంచి తొంగి చూసి, కొడుకు ఒక చెంబులోంచి ఇంకో చెంబులోకి కందిపప్పు పోసుకుంటూ ఉండటం కళ్లారా చూశాడు. అదే పూట వాణ్ణి భుజాన వేసుకుని ఇంటికి తీసుకుపోయాడు. ఇంట్లో కూలివాళ్లు చేసే పని నేర్చుకోవడానికి బడి దేనికని వీధంతా వినబడేలా అన్నాడు. వారం తిరక్కుండా తనే వెనక్కి తెచ్చి దింపాడు. అంగట్లో సేరు నిండా పెసలు తెమ్మంటే ఐదేళ్ల నరసింహ రెండు చేతులతో పట్టుకుని, గింజ కింద పడకుండా తెచ్చి, జాగ్రత్తగా పోసి, పోశాక సేరును బోర్లించి పెట్టాడట. "మా గుమాస్తాకు కూడా ఆ బుద్ధి లేదు" అన్నాడు తిమ్మయ్య, కొంచెం సిగ్గుపడుతూ.

హుసేన్ వలి చేయాల్సినవి తరగకుండా వచ్చేవి. కొయ్య ఘనాలు, ఒకదాని కంటే ఒకటి పొడుగైన పది బద్దలు, బొత్తాలు పెట్టుకోవడం నేర్పే చట్రాలు. అక్షరాల పలకలు కూడా అతనే చేశాడు. రామసుబ్బమ్మ అక్షరం గీసిస్తే, అతను ఉప్పుకాగితాన్ని ఆ గీత వెంబడి కత్తిరించి పలకకు అంటించేవాడు. పిల్లలు చూపుడువేలు, మధ్యవేలు కలిపి ఆ గరుకు మీద రాసినట్టు తిప్పుతూ అక్షరం ధ్వని పలుకుతారు. మన అక్షరాల గుండ్రనాలు పిల్లల వేళ్లకు ఎంత ఇష్టమో ఆమె చూపించింది. తలకట్టు విడిగా కత్తిరించడం కష్టమని అతను గొణిగేవాడు. యాభై ఆరు పలకలూ పూర్తయ్యేసరికి అతని వేళ్లకు అన్ని అక్షరాలూ తెలుసు. పేర్లే తెలియవు. ఆ పేర్లు ఒక్కొక్కటిగా దౌలత్ బీ చెప్పింది, అన్నం తినేటప్పుడు, పళ్లెం అంచు మీద వేలితో గీసి.

ఒకరోజు పగిలిన చట్రం బాగుచేయడానికి అతను బడికి వెళ్లేసరికి పిల్లలు మౌనం ఆట ఆడుతున్నారు. అందరూ కళ్లు మూసుకుని కదలకుండా కూర్చుంటారు. పక్క గదిలోంచి రామసుబ్బమ్మ ఒక్కొక్కరి పేరూ ఊపిరంత మెల్లగా పిలుస్తుంది. పిలుపు విన్నవాళ్లు లేచి అడుగు చప్పుడు కాకుండా ఆమె దగ్గరికి వెళ్లాలి. హుసేన్ వలి కూడా మూలన చాప మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. చాలాసేపయింది. ఏమీ వినిపించలేదు. కళ్లు తెరిస్తే గదిలో అతనొక్కడే ఉన్నాడు. గుమ్మంలో పిల్లలందరూ నోళ్లు గట్టిగా మూసుకుని అతన్నే చూస్తున్నారు. ఆమె అతని పేరు మూడుసార్లు పిలిచిందట.

నరసింహ కాలివేళ్ల మీద నడిచి వచ్చి అతని ముందు నిలబడి, వినపడే చెవి ఏదో తెలియక రెండు చెవుల్లోనూ ఒకదాని తర్వాత ఒకటి గుసగుసగా పిలిచాడు. "హుసేన్ వలీ." అతను లేచి వాడి చెయ్యి పట్టుకుని, చప్పుడు కాకుండా, వాళ్ల దగ్గరికి నడిచాడు.

నలభై రెండో సంవత్సరం వానలు పడ్డాక రామసుబ్బమ్మకు చలిజ్వరం పట్టుకుంది. నల్లమల అంచున ఆ జ్వరం తెలియని ఇల్లు లేదు. కానీ యుద్ధం మూలాన క్వినైను మాత్రలు దొరకడం లేదు. అన్న ఆమెను కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోవడానికి బండి కట్టించాడు. కంబళి కప్పుకుని వణుకుతూ ఆమె పిల్లల ఇంటికి తాళం వేయించబోతుంటే హుసేన్ వలి వచ్చి తాళంచెవి అడిగాడు.

"నీకు చదువు రాదు కదన్నా" అంది రామసుబ్బమ్మ. ఎప్పటి నుంచో ఆమె అతన్ని అన్నా అనే పిలుస్తోంది.

"రాదమ్మా. అందుకే పిల్లోళ్లకు అడ్డం పోను" అన్నాడతను. "పొద్దున్నే అన్నీ తుడిచి యాడియి ఆడ పెడతా. సాయంత్రం ఎత్తి పెడతా. మధ్యలో గమ్మునుంటా."

ఆమె తాళంచెవి ఇచ్చింది.

నలభై రోజులు అతను ఆ ఇల్లు నడిపాడు. తరిమెన నిలిచిపోయింది. మంచం కోళ్ల వాళ్లు తిరిగి తిరిగి విసుక్కున్నారు. తురకాయన దగ్గరా, అందులోనూ వేలిముద్ర మనిషి దగ్గరా పిల్లలేం నేర్చుకుంటారని ఇద్దరు తల్లులు పిల్లల్ని మాన్పించారు. మిగిలినవాళ్లు వచ్చారు. మొదటి వారం అతనికి నరకం. పిల్ల తప్పు పెడుతుంటే చెప్పాలని నోటి దాకా వచ్చేది. నీళ్లు ఒలికిస్తుంటే చెయ్యి లేచేది. లేచిన చెయ్యిని తొడ కింద పెట్టుకుని కూర్చునేవాడు. రెండో వారానికి కొంచెం అలవాటయింది. ఇళ్లకు పోయేటప్పుడు పిల్లలు అతనికి ఆ రోజు తాము ఏం కనుక్కున్నారో చెప్పడం మొదలుపెట్టారు. అతనికి అవి కొత్త సంగతులే కాబట్టి నిజంగానే వినేవాడు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున, చెప్పాపెట్టకుండా, స్కూళ్ల ఇన్స్పెక్టరు వచ్చాడు. బూట్లతో లోపల అడుగుపెట్టబోతే నాలుగేళ్ల పిల్ల ఒకతి వచ్చి ఎదురుగా నిలబడి, గోడవార వరసగా ఉన్న చెప్పుల్ని వేలితో చూపించింది. ఆయన అర్థం కానట్టు చూశాడు. పిల్ల కదల్లేదు. చివరికి ఆయన వంగి బూట్లు విప్పి, వరసలో పెట్టి లోపలికి వచ్చాడు. పద్నాలుగు మంది పిల్లలు పద్నాలుగు పనుల్లో ఉన్నారు. మూలన టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు విరిగిన బద్దకు ఉప్పుకాగితం పట్టిస్తున్నాడు.

టీచరు ఎక్కడని ఆయన అడిగాడు. జ్వరంతో కర్నూల్లో ఉందని హుసేన్ వలి లేచి నిలబడి చెప్పాడు. నువ్వెవరంటే, మంచం కోళ్లు చేస్తానన్నాడు.

"మరి ఇక్కడేం చేస్తున్నావు?"

హుసేన్ వలి నిజం చెప్పాడు. "ఏమీ చెయ్యకుండా ఉండేది నేర్చుకుంటాండా సామీ. శానా కష్టంగా ఉండాది."

పావుగంట చూసి పోదామని వచ్చిన ఇన్స్పెక్టరు మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. కళ్లకు గుడ్డ కట్టుకుని పలకల మీద వేళ్లతో అక్షరాలు గుర్తుపట్టే దౌలత్ బీ ముందు చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. తర్వాత వచ్చిన కాగితంలో, శిక్షణ పొందిన ఉపాధ్యాయురాలు లేనందున ఈ బడికి గుర్తింపు ఇవ్వడం కుదరదని ఉంది. కోలుకుని తిరిగొచ్చిన రామసుబ్బమ్మ అది చదివి మడిచి అరలో పెట్టింది. హుసేన్ వలి తన వల్లే ఇలా అయిందని నెల రోజులు కుమిలాడు. నువ్వు లేకపోతే గుర్తింపు ఇవ్వడానికి బడే ఉండేది కాదు కదన్నా అని ఆమె ఎన్నిసార్లు చెప్పినా అతనికి ఊరట కలగలేదు.

సంక్రాంతి వెళ్లాక కడప నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. అది ఆ ఇన్స్పెక్టరు సొంతంగా రాసింది. తన మరదలు ప్రొద్దుటూరులో చిన్నపిల్లలకు చదువు చెబుతోందనీ, ఆమె ఆత్మకూరు వచ్చి పది రోజులు చూడవచ్చా అనీ, ఆ కొయ్య వస్తువులు మరో జత దొరుకుతాయా అనీ అడిగాడు.

ఆ మరదలు పది రోజులకని వచ్చి రెండు నెలలు ఉంది. ప్రొద్దుటూరు తర్వాత నంద్యాల, నంద్యాల తర్వాత జమ్మలమడుగు. యుద్ధం ముగిసేసరికి కర్నూలు, కడప జిల్లాల్లో తొమ్మిది పిల్లల ఇళ్లు లేచాయి. అన్నీ నిలవలేదు. ఒకటి కరువులో మూతబడింది. ఇంకోటి మూతబడటానికి ఊరి పెద్దల తగాదా చాలింది. ఒక ఊళ్లో వస్తువులు అద్దాల బీరువాలో తాళం వేసి ఉండటం హుసేన్ వలి చూశాడు. అధికారులు వచ్చినప్పుడు తీసి చూపిస్తారట. అరిగిపోతాయని భయమని అక్కడి టీచరు చెప్పింది. "ఇవి అరగల్లమ్మా" అన్నాడతను, బతిమాలుతున్నట్టు. "అరిగితే నాకు చెప్పి పంపు. మళ్లా చేస్తా. అరగకుంటేనే నాకు బాధ." ఆమె తాళం తీసిందో లేదో అతనికి తెలియలేదు.

నలభై ఏడో సంవత్సరం జూన్‌లో రాయచోటి నుంచి కబురొచ్చింది. అక్కడ పిల్లల ఇల్లు తెరుస్తున్నది ఏసుమణి అనే ఇరవై రెండేళ్ల అమ్మాయి. రామసుబ్బమ్మ దగ్గర ఏడాది నేర్చుకుని వెళ్లింది. హుసేన్ వలి పెట్టెలు కట్టుకుని, నంద్యాల మీదుగా కడప, కడప నుంచి రాయచోటి, రెండు రోజులు బస్సుల్లో ప్రయాణం చేసి చేరాడు. అతను దిగేసరికి ఆ ఇంట్లో పద్దెనిమిది మంది పిల్లలు ఒకేసారి ఏడుస్తున్నారు. ఏసుమణి కూడా ఏడవడానికి సిద్ధంగా ఉంది.

"మీ ఊర్లో ఈ ఏడుపు మానేకి ఎన్ని దినాలు పట్టె పెద్దయ్యా?" అని అడిగింది.

"పదకొండు దినాలమ్మా" అన్నాడు హుసేన్ వలి, పెట్టె తాళ్లు విప్పుతూ. "మొదటి నాలుగు దినాలు టీచరమ్మ కూడా ఇంట్లో ఏడ్సిందంట. తర్వాత చెప్పింది."

ఏసుమణికి నవ్వొచ్చింది. అతన్ని మూడు రోజులు ఉండమని అడిగింది.

ఆ పిల్లల్లో ఒక నాలుగేళ్ల అమ్మాయి అవ్వ కొంగు వదిలేది కాదు. అవ్వ పేరు ఓబులమ్మ. కొడుకూ కోడలూ మంగంపేట ముగ్గురాయి గనుల్లో పని చేస్తుంటే మనవరాలిని ఆమే పెంచుతోంది. వదిలి వెళ్తే పిల్ల ఊపిరి తిరగనంత ఏడుస్తుందని, ఆమె కూడా బడిలోనే ఒక మూలన కూర్చుంది. పెద్దవాళ్లు లోపల ఉంటే పిల్లలు కుదురుకోరని ఏసుమణి భయపడింది. ఆమెను మెల్లగా పంపేయాలని చూసింది. ఉండనీమ్మని హుసేన్ వలి అన్నాడు. అలా ఎందుకన్నాడో అతనికీ తెలియదు. ఆ ముసలామె చేతులు ఖాళీగా ఉండటం చూసి ఆమెకే ఏమీ తోచడం లేదనిపించిందంతే.

రెండో రోజు, ఏం చేయాలో తెలియక, ఓబులమ్మ తన ముందున్న పళ్లెంలోని రెండు చిన్న చెంబులు తీసుకుంది. ఒకదానిలో సజ్జలున్నాయి. వాటిని రెండోదానిలోకి పోసింది. మళ్లీ మొదటిదానిలోకి. కొన్ని గింజలు కింద పడ్డాయి. వాటిని ఒక్కొక్కటిగా ఏరింది. ఈసారి ఇంకా మెల్లగా, నాలుక కొస పంటి కింద పెట్టుకుని పోసింది. మనవరాలు ఏడుపు ఆపి అవ్వ చేతుల్నే చూసింది. ఒడిలోంచి జారి ఎదురుగా వచ్చి కూర్చుంది. తర్వాత చెయ్యి చాచింది. ఓబులమ్మ ఇవ్వలేదు.

"ఉండు మే, నాది కాలేదు" అంది, తల ఎత్తకుండానే.

ఏసుమణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లి నవ్వుకుంది. పిల్ల తన వంతు వచ్చేదాకా కూర్చుంది. వంతు వచ్చాక మధ్యాహ్నం దాకా లేవలేదు. మూడో రోజు హుసేన్ వలి బస్సెక్కేసరికి ఏడ్చేవాళ్లు ముగ్గురే మిగిలారు.

ఆగస్టులో, స్వతంత్రం వచ్చిన వారం, ఆత్మకూరు వీధులన్నీ కాగితం జెండాలతో నిండిపోయి ఉండగా రాయచోటి నుంచి ఉత్తరం వచ్చింది. పదకొండేళ్ల దౌలత్ బీ అరుగు మీద తండ్రికి కుడి పక్కన, వినపడే చెవి వైపు కూర్చుని చదివింది. ఇప్పుడు ఇరవై ఆరు మంది వస్తున్నారని ఏసుమణి రాసింది. ఓబులమ్మ మనవరాలు అవ్వ తోడు లేకుండానే నడిచి వస్తోందట. కానీ ఓబులమ్మ మానలేదట. రోజూ పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి, నీళ్ల కుండలు కడిగి నింపి, కొంతసేపు సజ్జలు పోసుకుని పోతోందట. పిల్లల పీటలు మరీ చిన్నవి, కూర్చుంటే లేవలేకపోతున్నానని అంటోందట. కొంచెం ఎత్తు పీట ఒకటి పంపగలరా పెద్దయ్యా అని చివర్లో ఉంది.

హుసేన్ వలి కొయ్య ఎంచాడు. ఎత్తు ఎంత పెట్టాలో మాత్రం తేలలేదు. ముసలామె మోకాళ్ల సంగతి కొయ్యకు ఎలా తెలుస్తుంది? మాబూబీని పిలిచి, గోడవార ఇటుకలు పేర్చి కూర్చోమన్నాడు. ఒక ఇటుక మీద కూర్చుంటే ఆమె లేవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. రెండు ఇటుకల మీద కూర్చుంటే మోకాలి మీద చెయ్యి ఆనించింది. మూడు పేర్చాక చెయ్యి ఆనకుండా లేచి నిలబడింది.

"ఇది సరిపోతాది" అంది మాబూబీ. మళ్లీ ఒకసారి కూర్చుని లేచి చూసుకుంది. "రెండు చెయ్యి."

"రాయచోటిలో ఉండేది ఒకామే కదా."

"నా మోకాళ్లు మాత్రం కొత్తవా?"

అతను రెండు చేశాడు. ఒకటి గురువారం బస్సులో రాయచోటికి పోయింది.